మార్క్ ట్వేన్ మనకెందుకు?

మార్క్ ట్వేన్ 1910 ఏప్రిల్ 21న కన్నుమూశాడు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రెడింగ్ అనే ఊళ్ళో, తన సొంత ఇంట్లో, 74 ఏళ్ళ వయసులో పోయాడు. అంతకు ముందురోజే హేలీ తోకచుక్క సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చింది. 1835 నవంబరులో ఆయన పుట్టినప్పుడు కూడా ఆకాశంలో అదే తోకచుక్క. దాంతోపాటు వచ్చినవాణ్ణి, దాంతోనే పోతానని ఏడాది ముందే చెప్పి పెట్టుకున్నాడు. చెప్పినట్టే చేశాడు. జీవితంలో ఎన్నో వ్యాపారాల్లో లెక్క తప్పిన మనిషికి ఈ ఒక్క లెక్క మాత్రం కుదిరింది.

ఈ సంచికకు ఆయన గురించి రాస్తామంటే సంపాదకవర్గంలోని మిత్రులే అభ్యంతరం చెప్పారు. "ఇది సాంఘిక సంక్షేమ హాస్టలు వార్షికోత్సవ సంచిక. ఫూలే ఉన్నాడు, అంబేడ్కర్ ఉన్నాడు, జాషువా ఉన్నాడు. అమెరికా వాడి సంగతి, అందులోనూ తెల్లవాడి సంగతి మనకెందుకన్నా?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబుగానే ఈ వ్యాసం. మేము సాహిత్య విమర్శకులం కాదు. ఈ హాస్టల్లో వేర్వేరు బ్యాచుల్లో చదువుకుని, ఇప్పుడు తలో ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్న ముగ్గురం. మాకు తెలిసినంతలో, మాకు తోచింది రాస్తున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా రోజుల్లో స్టడీ హాలు మూలన ఒక ఇనుప బీరువా ఉండేది. అదే గ్రంథాలయం. దాని తాళం వార్డెన్ సారు దగ్గర, వార్డెన్ సారు టౌన్లో. రెండూ ఒక చోట కలిసిన రోజున బీరువా తెరిస్తే పాత గైడ్లు, ప్రశ్నపత్రాల కట్టలు, వాటి అడుగున అట్ట ఊడిపోయిన 'టామ్ సాయర్' ఉండేవి. ముందు పేజీలు ఎలుకలు తినేశాయి కాబట్టి రాసిందెవరో చాలాకాలం తెలియలేదు. పేర్లు ఒక్కటే దొరల పేర్లు. మిగతాదంతా మన పక్క ఊరి అల్లరి కుర్రాడి కథే అనుకున్నాం. అంత మంచి తెలుగు. అది నండూరి రామమోహనరావు గారి అనువాదమని కాలేజీకి వెళ్ళాక తెలిసింది. 'హకల్‌బెరీ ఫిన్', 'రాజూ పేదా' కూడా ఆయన చేతి మీదుగానే తెలుగులోకి వచ్చాయి. ఎన్.టి.ఆర్. నటించిన 1954 నాటి 'రాజు పేద' సినిమాకు మూలం కూడా ట్వేన్ కథే. అంటే ఈయన మన ఇళ్ళకు ఎప్పుడో వచ్చాడు. ఎవరో మనకే తెలియదు.

టామ్ తన కంచెకు సున్నం వేసే పనిని ఊళ్ళో పిల్లలచేత, వాళ్ళ దగ్గరే ఎదురు లంచం తీసుకుని చేయించుకుంటాడు కదా. ఆ పాఠం మా బ్యాచ్‌లో ఒకడికి బాగా ఒంటబట్టింది. నీళ్ళ ట్యాంకు కడిగే వంతు వచ్చినప్పుడల్లా "ట్యాంకులోకి దిగడమంటే అందరివల్లా అయ్యేది కాదురా తమ్ముడూ" అని జూనియర్ల ముందు నిట్టూర్చేవాడు. అయిదో వారానికి ట్యాంకు ముందు క్యూ కట్టారు. అతను ఇప్పుడు మంచి హోదాలో ఉన్నాడు. పేరు రాయం. తనకు తెలుసు.

అయితే ట్వేన్‌కు మొదట పేరు తెచ్చినవి పిల్లల పుస్తకాలు కావు, యాత్రలు. 1867లో న్యూయార్కు నుంచి 'క్వేకర్ సిటీ' అనే ఓడలో కొంతమంది డబ్బున్న భక్తులు యూరపుకూ, జెరూసలేముకూ బయల్దేరారు. ఈయన దగ్గర అంత డబ్బు లేదు. ఒక పత్రిక టిక్కెట్టు కొనిచ్చి, ఉత్తరాలు రాసి పంపమంది. ఆ ఉత్తరాలే 1869లో 'ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్' అనే పుస్తకమయ్యాయి. ఆయన బతికుండగా ఆయన పుస్తకాల్లో ఎక్కువగా అమ్ముడుపోయింది అదే.

అంతకు ముందు యాత్రలు రాసినవాళ్ళు గుడి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని రాసేవాళ్ళు. చూసిన ప్రతిదీ అద్భుతం, ప్రతి బొమ్మా మహత్తరం. ట్వేన్‌కు ఆ అలవాటు లేదు. బాగుంటే బాగుందన్నాడు. కాళ్ళు నొప్పులు పుడితే ఆ సంగతే రాశాడు. జెనోవాలో ఒక గైడు ఊపిరి బిగబట్టి కొలంబస్ చేతిరాత చూపిస్తాడు. వీళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దస్తూరీ ఏమీ బాగాలేదు, మా దేశంలో పధ్నాలుగేళ్ళ పిల్లలు ఇంతకన్నా బాగా రాస్తారంటారు. కొలంబస్ విగ్రహం చూపిస్తే, ఈయన చచ్చిపోయాడా అని అమాయకంగా అడుగుతారు. జెరూసలేములో ఆదిమానవుడైన ఆదాము సమాధి అని ఒకటి చూపిస్తే, పరాయి దేశంలో సొంత చుట్టం సమాధి కనబడిందని ట్వేన్ భోరుమంటాడు. గలిలయ సముద్రం దగ్గర ఇంకా తమాషా. ఆ నీళ్ళ మీద పడవెక్కాలని జీవితమంతా కలలు కన్న భక్తులు, పడవవాడు అడిగిన కిరాయి ఎక్కువని సగానికి బేరం పెడతారు. వాడు మారుమాట్లాడకుండా పడవ తిప్పుకుని పోతాడు. భక్తులు ఒడ్డున నిలబడి నీదంటే నీది తప్పని తిట్టుకుంటారు. మేము చాలాసార్లు ఆ ఒడ్డున నిలబడ్డవాళ్ళమే. ఎక్స్‌కర్షన్ బస్సు దగ్గర యాభై రూపాయల తేడాకు బేరం చెడి తిరుపతి ప్రయాణం తప్పిపోయిన సంగతి 10వ తరగతి మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

1880లో వచ్చిన 'ఎ ట్రాంప్ అబ్రాడ్' ఇంకో రకం. యూరపంతా కాలినడకన తిరుగుతానని బయల్దేరి, వీలైన చోటల్లా రైలెక్కుతాడు. ఆల్ప్స్ పర్వతాల్లో కొద్ది గంటల్లో ఎక్కగలిగిన గుట్టకు మనుషులు, కంచర గాడిదలు, పాడి ఆవులు అన్నీ కలిపి 205 ప్రాణులతో దండయాత్రకు వెళ్ళినట్టు వెళతాడు. ఇక్కడ నవ్వంతా ఆయన మీదే. గొప్ప యాత్రికుణ్ణని చెప్పుకునేవాళ్ళందరి మీదా.

ఇంతవరకూ చదివితే మంచి కాలక్షేపం. కానీ మేము చెప్పదలచుకున్నది ఇది కాదు.

నవ్వులు రెండు రకాలని హాస్టల్లో చదివినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనలో మనం నవ్వుకునేది ఒకటి. సాంబారులో ముక్క దొరికినవాడు లాటరీ కొట్టినట్టు చెయ్యెత్తి చూపించడం, ఇస్త్రీ లేక చెంబులో నిప్పులు పోసి చొక్కా రుద్దుకోవడం, ఇవన్నీ చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. రెండోది స్కూల్లో వెనక బెంచీ నుంచి వినబడే నవ్వు. మా ట్రంకు పెట్టెల మీద, ఒకే తాను గుడ్డతో కుట్టించిన యూనిఫారాల మీద, మా ఇంటిపేర్ల మీద, మా మాట యాస మీద. ఆ నవ్వులో మేము లేము. మేము సరుకు మాత్రమే.

ట్వేన్ పుస్తకాల్లో ఈ రెండో రకం నవ్వు కూడా ఉంది. దాచిపెట్టి లాభం లేదు. 'ఇన్నోసెంట్స్ అబ్రాడ్'లో అరబ్బుల గురించి, తూర్పు దేశాల బిచ్చగాళ్ళ గురించి రాసిన పుటలు ఇవాళ చదివితే చేదుగా ఉంటాయి. 1872 నాటి 'రఫింగ్ ఇట్'లో నెవాడా ఎడారి దారిలో కనబడ్డ గోష్యూట్ అనే ఆదివాసుల గురించి రాసింది మరీ ఘోరం. తిండి దొరకని నేలలో ఎలాగో బతుకుతున్న మనుషుల్ని మనుషుల లెక్కలోంచే తీసేసినట్టు రాశాడు. మన పేటల గురించి, తండాల గురించి, గూడేల గురించి ఆ ధోరణిలో రాసినవాళ్ళను మనం తెలుగులోనూ చూశాం. చిత్రమేమంటే అదే పుస్తకంలో, అక్కడి చైనా కూలీలను తెల్లవాళ్ళు పెట్టే హింసను చూసి ఆయనకు కడుపు మండింది. ఒక పక్క కన్ను తెరుచుకుంది, ఇంకో పక్క మూసుకునే ఉంది. మాలో ఒక మిత్రుడు గోష్యూట్ల పుటలు చదివి పుస్తకం పక్కన పడేశాడు. మళ్ళీ ముట్టుకోవడానికి ఏడాది పట్టింది. అతన్ని మేము తప్పుపట్టలేదు.

ట్వేన్ పెరిగింది మిస్సోరీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున హానిబల్ అనే ఊళ్ళో. బానిసలను కొని అమ్మే రాష్ట్రం అది. వాళ్ళ ఇంట్లోనూ బానిసలుండేవాళ్ళు. బానిసత్వం తప్పని చిన్నప్పుడు తనకెవరూ చెప్పలేదని, చర్చిలో ఫాదరీ కూడా అది దేవుడికి ఇష్టమైన ఏర్పాటేనని చెప్పేవాడని తర్వాత ఆయనే రాసుకున్నాడు. అలాంటి చోట పుట్టిన పిల్లవాడు ఎవరిని చూసి నవ్వాలో ఊరే నేర్పిస్తుంది. మన ఊళ్ళూ నేర్పించడం లేదూ? దాన్ని మళ్ళీ మరిచిపోవడమే కష్టం. ట్వేన్ మరిచిపోవడానికి ఒక జీవితం పట్టింది.

అందులో ఒక మెట్టు 1874లో వచ్చిన 'ఎ ట్రూ స్టోరీ' అనే చిన్న రచన. వేసవిలో వాళ్ళ కుటుంబం వెళ్ళి ఉండే పొలంలో మేరీ ఆన్ కార్డ్ అనే నల్లజాతి వంటామె ఉండేది. ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ ఉండేది. ఒక సాయంత్రం ఇంటివాళ్ళంతా వరండాలో కూర్చున్నారు. ఆమె పనిమనిషి కనుక వాళ్ళకంటే కింద, మెట్ల మీద కూర్చుంది. ఇన్నేళ్ళు బతికావు, నీకు కష్టమనేదే తెలియనట్టుందే అని ట్వేన్ సరదాగా అడిగాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. భర్తనూ, ఏడుగురు పిల్లలనూ వేలంలో ఒక్కొక్కరినీ అమ్మి తన నుంచి విడదీసిన సంగతి చెప్పింది. పదమూడేళ్ళ తర్వాత, యుద్ధంలో, చివరి కొడుకు సైనికుడై ఎదురుపడి తల్లిని గుర్తుపట్టిన సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ లేచి నిలబడింది. ఆమె పైన, వీళ్ళు కింద. ట్వేన్ ఆ కథను ఆమె మాటల్లోనే, ఆమె యాసలోనే రాసి, ఆ కాలంలో పెద్ద పేరున్న 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికకు పంపాడు. తన నుంచి చివర్లో ఒక్క వ్యాఖ్య కూడా కలపలేదు. ఎదుటివాళ్ళ కష్టం తెలియక వేసిన జోకు తన మీదికే తిరిగివస్తే, ఆ సంగతిని లోకానికి తానే చెప్పుకున్నాడు. వరండా మీద ఎవరు, మెట్ల మీద ఎవరు అన్నది మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మన అమ్మమ్మలు దొరల అరుగుల కింద కూర్చున్నవాళ్ళే.

ఇక మన దేశం సంగతి. 50 ఏళ్ళు దాటేసరికి ట్వేన్ దివాలా తీశాడు. అక్షరాలు కూర్చే ఒక యంత్రం మీద ఉన్నదంతా పెట్టాడు, అది పనిచేయలేదు. సొంత ప్రచురణ సంస్థ 1894లో మూతపడింది. చట్టం ప్రకారమైతే రూపాయికి కొంత చొప్పున కట్టి చేతులు దులుపుకోవచ్చు. ఆయనా, ఆయన భార్య ఒలీవియా అందుకు ఒప్పుకోలేదు. అణా పైసలతో సహా తీరుస్తామన్నారు. తీర్చడానికి ఆయన చేతిలో ఉన్నది నవ్వించే విద్య ఒక్కటే. 1895 జులైలో బయల్దేరి అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సిలోన్, ఇండియా, దక్షిణాఫ్రికా తిరిగి ఊరూరా వేదికలెక్కి నవ్వించాడు. అరవై ఏళ్ళ వయసులో, ఒళ్ళంతా గడ్డలతో, దగ్గుతో. 1898 నాటికి అప్పు మొత్తం తీరింది. ఈ మొండితనం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1896 జనవరిలో బొంబాయిలో దిగాడు. ఆ యాత్ర పుస్తకం 'ఫాలోయింగ్ ది ఈక్వేటర్' 1897లో వచ్చింది. అందులో మన కాకి గురించి రాసింది చదివితే హాస్టలు మొత్తం పగలబడి నవ్వుతుంది. హోటలు బాల్కనీ పిట్టగోడ మీద కాకులు వరసగా కూర్చుని, లోపలున్న ఈయన బట్టల గురించి, రంగు గురించి, ఈయన అసలు ఏం చేసి బతుకుతాడనే దాని గురించి మీటింగు పెట్టుకున్నట్టు మాట్లాడుకుంటాయట. మన మెస్ గోడ మీద కాకులు కూడా అదే పని మీద ఉండేవి. మేము పట్టించుకోలేదు.

అదే హోటల్లో ఇంకొకటి జరిగింది. గదిలో ఏదో సర్దించడానికి వచ్చిన యూరోపియను మేనేజరు, ఒక భారతీయ సేవకుణ్ణి ఏ తప్పుందో చెప్పకుండానే దవడ మీద కొట్టాడు. సేవకుడు మాట్లాడలేదు, ముఖంలో కోపం కూడా చూపించలేదు. ఆ దెబ్బ చూడగానే ట్వేన్ యాభై ఏళ్ళు వెనక్కి, హానిబల్‌కు వెళ్ళిపోయాడు. తన తండ్రి నెమ్మదస్తుడు. కొడుకును జన్మలో రెండుసార్లే కొట్టినవాడు. అలాంటివాడూ ఇంట్లో పనిచేసే బానిస పిల్లవాణ్ణి చిన్న చిన్న పొరపాట్లకు కొట్టేవాడు. పదేళ్ళ వయసులో తాను కళ్ళారా చూసిన ఇంకో సంగతీ గుర్తొచ్చింది. పని సరిగా చేయలేదని ఒక యజమాని ఇనుపరాయి విసిరితే ఒక బానిస తల పగిలి, గంటలో ప్రాణం పోయింది. ఊళ్ళో కొందరు అయ్యో అన్నారు, అంతకు మించి ఏమీ జరగలేదు. నవ్వుల పుస్తకం మధ్యలో ఇదంతా రాశాడు. బొంబాయి వచ్చిన దొరలందరూ అలాంటి దెబ్బలు రోజూ చూసే ఉంటారు. ఎంతమందికి తమ ఇల్లు గుర్తొచ్చింది?

అలాగని ఇండియాలో ఆయన పూర్తిగా మారిన మనిషి అనడం లేదు. తన దగ్గర పనికి కుదిరిన ఒక సేవకుడి పేరు నచ్చక, 'సైతాన్' అని పేరు పెట్టి పిలిచాడు. చాలా ముద్దుగా పిలిచానని అనుకున్నాడు. మనకు ఇక్కడ నవ్వు రాదు. అసలు పేరు తీసేసి తమకు తోచిన పేరుతో పిలవడం మన తాతలు ఎరిగిన మర్యాదే.

బొంబాయి నుంచి బరోడా వెళ్ళాడు. ఏనుగెక్కాడు. గాయక్వాడ్ మహారాజు కొలువులో ఉపన్యాసమిచ్చాడు. ఆ మహారాజు మూడవ శాయాజీరావు. అప్పటికి భీమ్‌రావు అంబేడ్కర్‌కు ఇంకా అయిదేళ్ళు నిండలేదు. పదిహేడేళ్ళ తర్వాత, 1913లో, అదే మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఇద్దరి దారులూ కలిసింది లేదు. అయినా ఆ పుస్తకంలో బరోడా పేరు వచ్చినప్పుడు మాకు ఏనుగు కనబడలేదు. చదువు ముగించుకుని 1917లో బరోడాకు ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్ గారికి తలదాచుకోవడానికి గది దొరక్క, పార్శీల సత్రంలోంచి కర్రలు పట్టుకుని వెళ్ళగొడితే, తోటలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్న రోజు కనబడింది. స్కాలర్‌షిప్ ఇచ్చిన ఊరే గది ఇవ్వలేదు.

స్కాలర్‌షిప్ మాట వచ్చింది కనుక అసలు సంగతి చెబుతాం. 1885లో ట్వేన్ యేల్ విశ్వవిద్యాలయానికి ఉపన్యాసానికి వెళ్ళాడు. అక్కడ వార్నర్ మెక్‌గిన్ అనే నల్లజాతి యువకుడు లా చదువుతున్నాడు. చదువుకుంటూనే పనులు చేసి తిండికీ గదికీ సంపాదించుకుంటున్నాడు. మన పాత మిత్రుల్లో రాత్రిళ్ళు హోటళ్ళలో, ఎస్టీడీ బూతుల్లో పనిచేసి డిగ్రీ గట్టెక్కినవాళ్ళకు ఆ బతుకు తెలుసు. ఆ ఏడాది డిసెంబరు 24న ట్వేన్ లా కాలేజీ డీన్‌కు ఉత్తరం రాశాడు. ఆ కుర్రవాడి భోజన ఖర్చు తాను భరిస్తానన్నాడు. ఎందుకో కూడా రాశాడు. ముక్కూ మొహం తెలియని తెల్ల విద్యార్థి ఎవరైనా సాయమడిగితే తాను అంత సంతోషంగా ఇవ్వకపోవచ్చునట. నల్లజాతివారి సంగతి వేరు. వాళ్ళ మనిషితనాన్ని నలగగొట్టింది తామేనని, అందులో సిగ్గుపడవలసింది తాము గాని వాళ్ళు కాదని, దానికి తాము చెల్లించి తీరాలని దాని సారాంశం.

 ఈ ఉత్తరం సంగతి నూరేళ్ళ తర్వాత, 1985లో, లోకానికి తెలిసింది. మెక్‌గిన్ 1887లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత బాల్టిమోర్‌లో వకీలుగా స్థిరపడి, నల్లజాతివారు ఫలానా వీధుల్లోనే ఇళ్ళు తీసుకోవాలని ఆ నగరం చేసిన చట్టం మీద కోర్టులో పోరాడి గెలిచాడు. అమెరికాలోనూ వాడలున్నాయన్నమాట. అదే ఊళ్ళో, వయసు మళ్ళాక, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక కుర్ర వకీలుకు పెద్దదిక్కుగా నిలిచాడు. ఆ కుర్ర వకీలు థర్‌గుడ్ మార్షల్. నలుపు పిల్లలకు వేరే బడి, తెలుపు పిల్లలకు వేరే బడి అనే పద్ధతి చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చేత అనిపించినవాడు, 1967లో ఆ సుప్రీంకోర్టుకే మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయినవాడు. ఒక విద్యార్థి మెస్ బిల్లు ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మేము ఎక్కువగా విన్న మాట 'ఫ్రీ'. ఫ్రీ తిండి, ఫ్రీ పుస్తకాలు, ఫ్రీ సబ్బులు. కాస్మెటిక్ చార్జీలు నెలల తరబడి రాకపోయినా మాట మాత్రం నెల తప్పకుండా వచ్చేది. ఫీజు కట్టే పిల్లల ముందు "వీళ్ళకేం, గవర్నమెంటు అల్లుళ్ళు" అని నవ్విన పెద్దమనుషులున్నారు. ఉద్యోగాల్లో చేరాక కూడా ఆ మాట వేరే రూపంలో మా వెంటే వచ్చింది. దానికి మేము రకరకాలుగా జవాబు చెప్పాం. కొందరం తల దించుకున్నాం. కొందరం కొట్లాడాం. మాలో ఒకరు ఎవరికీ తెలియకుండా హాస్టలు పేరు బయోడేటాలోంచి కొట్టేసుకున్నాడు. ఈ వ్యాసం రాస్తున్న ముగ్గురిలో అతనూ ఉన్నాడు.

ట్వేన్ ఉత్తరం చదివినప్పుడు మాకు తెలిసిందేమిటంటే, అది దాత రాసిన ఉత్తరం కాదు, బాకీదారు రాసిన ఉత్తరం. సొంత అప్పుకు కొంత శాతం కట్టి తప్పుకోవచ్చని చట్టం చెప్పినా పూర్తిగా కడతానన్న మనిషే, పుట్టుకతో తన జాతి మీద పడ్డ బాకీని కూడా ఒప్పుకున్నాడు. ఊరి చెరువు తవ్విందెవరు, తోలు శుభ్రం చేసి చెప్పు కుట్టిందెవరు, పాకీ పని చేసిందెవరు, కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచం అడుగున చెయ్యి పెట్టిందెవరు, ఇవన్నీ లెక్క వేస్తే మా సబ్బు బిళ్ళ ఆ ఖాతాలో ఎక్కడ కనబడుతుంది? ఈ మాట మేము అంటే రాజకీయం అంటారు. బాకీ ఉన్నవైపు నుంచే ఒకడు 1885లోనే అని పెట్టాడు. అందుకే ఆయన మనకు కావాలి.

ఇందులో మా ముగ్గురికీ ఏకాభిప్రాయం లేదన్న సంగతీ చెప్పాలి. ఆ ఉత్తరంలో ట్వేన్, ఆ కుర్రవాడు సాయానికి తగినవాడేనా అని డీన్‌ను విచారించాడు. "బాకీ అయితే తగినవాడా కాడా అని అడగడమేమిటి? మార్కులు రానివాడికి బాకీ లేదా?" అని మాలో ఒకరు పట్టుబట్టారు. ఒక్క మనిషి జేబులోంచి ఇచ్చేదానికీ, హక్కుగా రాజ్యం ఇవ్వవలసినదానికీ తేడా ఉందని ఇంకొకరు. రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం. తేలలేదు. చదివినవాళ్ళు కూడా వాదించుకుంటే మంచిదే.

ఆ యాత్ర ముగింపు విషాదం. 1896 ఆగస్టులో ట్వేన్ ఇంగ్లండులో ఉండగా, అమెరికాలో పెద్ద కూతురు సూసీ మెనింజైటిస్‌తో 24 ఏళ్ళకే పోయింది. టెలిగ్రాం అందేసరికి భార్య, ఇంకో కూతురు ఆమెను చూడటానికి ఓడలో నడి సముద్రంలో ఉన్నారు. కాకుల ముచ్చట, ఏనుగు ముచ్చట, డార్జిలింగ్ కొండ మీంచి చిన్న తోపుడు బండిలో రైలు పట్టాల మీద జారుకుంటూ దిగిన ముచ్చట, అన్నీ ఆ చావు తర్వాత, లండన్‌లో ఒక ఇంట్లో తలుపులేసుకుని కూర్చుని రాసినవే. ఆ సంగతి తెలిశాక కాకుల మీటింగు మళ్ళీ చదివాం. అప్పుడూ నవ్వొచ్చింది.

ఇప్పుడు ఒక విన్నపం. స్టడీ హాలు బీరువాకు ఈసారి వార్షికోత్సవ చందాలోంచి కొన్ని యాత్రా పుస్తకాలు కొనాలని, తాళం విద్యార్థుల కమిటీ దగ్గరే ఉండాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. పుస్తకాలతోపాటు ఇంకొకటి కూడా కావాలి. మనలో ప్రతి ఒక్కరం ఒక యాత్ర చేశాం. ఊరి నుంచి హాస్టలుకు మొదటిరోజు వచ్చిన యాత్ర. బస్సు పైన ట్రంకు పెట్టె, ఒళ్ళో అమ్మ కట్టిచ్చిన మూట, కండక్టరుతో నాన్న అర టిక్కెట్టు బేరం, గేటు దగ్గర ఏడుపు, ఆ రాత్రే పక్క మంచంవాడు వేసిన మొదటి జోకు. అవన్నీ రెండు పేజీలకు మించకుండా, ఎవరి మాటలో వాళ్ళు రాసి పంపండి. అచ్చు తప్పులు మేము దిద్దుకుంటాం. యాస మాత్రం దిద్దం. నీళ్ళ ట్యాంకు మిత్రుడు ముందుగా పంపుతాడని ఎదురుచూస్తున్నాం. ఎవరిచేతనైనా రాయించి పంపితే మాత్రం ఒప్పుకోం.